ఖాళీ అని రాసిన టేపు ముక్క

షట్టరు బాబాయి రీలు కెమెరా నలభై ఒక్క ఏళ్లలో ఒక్కసారంటే ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఎండలో మాడినా, వానలో నానినా, బస్సు మీంచి జారి రోడ్డు మీద మూడు పల్టీలు కొట్టినా, నొక్కగానే షట్టరు టక్కుమని పడాల్సిందే. ఒకసారి పడవలోంచి ఏట్లో పడిపోయింది. గాలం వేసి లాగి, నీళ్లు వంపేసి, ఆ రీలు కడిగితే మొదటి ఫొటోలో ఒక చేప నోరు తెరుచుకుని ఉంది. వెలుగు చక్కగా పడింది, ఫోకసు కుదిరింది, చేప ముఖంలో కాస్త ఆశ్చర్యం కూడా ఉంది. ఆ ఫొటో చూపించమని ఎవరైనా అడిగితే మాత్రం, అది ఎప్పుడూ ఫ్రేము కట్టించడానికి ఇచ్చే ఉంటుంది.

అలాంటి కెమెరాని మెడలో వేసుకుని, అరవై ఎనిమిదేళ్ల బాబాయి ఆ గురువారం పొద్దున్న స్టూడియో వెనక గదిలో, కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని ఇంకొకరి కెమెరాకి వైద్యం చేస్తున్నాడు. స్టూడియో ఆయన అన్నకొడుకుది. చేతులు వణకడం మొదలైన దగ్గర్నుంచి బాబాయి జనానికి ఫొటోలు తీయడం మానేశాడు. అందరి కెమెరాలూ బాగుచేసిపెడతాడు, బయటి పనులకి వెళ్లినప్పుడు లైటు పట్టుకుంటాడు. వణికే చేతులతో ఆవగింజంత మరలు ఎలా బిగిస్తాడంటారా? మోచేతులు రెండూ బల్లకి ఆనించి ఊపిరి బిగబడతాడు. వణుకు ఆగుతుంది. ఊపిరి వదలగానే మళ్లీ మొదలవుతుంది. అందుకని ఒక్కో ఊపిరికి ఒక్కో మర.

బల్ల మీదున్నది స్టాండమ్మ కెమెరా. స్టూడియోలో ఫొటోలు తీసే ఇద్దరిలో ఆవిడ ఒకరు. స్టాండు అక్కర్లేకుండా, మసక వెలుతుర్లో కూడా చేయి కదలకుండా ఫొటో తీయగలదని బాబాయే ఆ పేరు పెట్టాడు. ఆ కెమెరా ఆవిడ చేతికి వచ్చేసరికే ఇద్దరు యజమానుల్ని చూసింది. పట్టుకునేచోట రబ్బరు ఊడిపోతే సైకిలు ట్యూబు ముక్క అతికించారు. లోపల అద్దం ఉన్న పాతకాలపు రకం, ఫొటోలు దాచుకునే కార్డు పెట్టుకోవడానికి చోటు కూడా ఒక్కటే.

"అక్కా, దీన్ని బాగుచేయించడం కన్నా దీనికో సన్మానం చేసి ఇంటికి పంపించెయ్యొచ్చు కదా!" అన్నాడు గుమ్మంలో నిలబడి బ్రోచరు. అతను రెండో ఫొటోగ్రాఫరు. కొత్త కెమెరా ఏది మార్కెట్లోకి వచ్చినా దాని కాగితం అచ్చుతప్పులతో సహా అప్పజెబుతాడు కాబట్టి ఆ పేరు. "నాదానికి రెండు కార్డులు. ఒకటి పోతే రెండోది. కంటిని వెతికి పట్టుకుంటుంది. చప్పుడుండదు. అద్దమే లేదు, ఇంక చెడిపోడానికి ఏముంది?"

"బ్యాటరీ ఉంది," అంది స్టాండమ్మ. "మొన్న మధ్యాహ్నానికే నీ బ్యాటరీ చచ్చిపోతే నా ఫొటోలేగా నీ ఆల్బంలో పెట్టుకున్నావు తమ్ముడూ."

"అది ఛార్జింగు పెట్టడం మర్చిపోయిన కేసు. కెమెరా తప్పు కాదు."

"ఏ కెమెరా తప్పూ కాదురా అబ్బాయ్," అన్నాడు బాబాయి తల ఎత్తకుండా. "కెమెరా అబద్ధం ఆడదు. ఆడించే వేళ్లుంటాయి."

ఈ మాట ఆయన రోజుకి రెండుసార్లయినా అంటాడు. ఆ గురువారం అన్నదే మళ్లీ తనకి తగులుతుందని తెలియక, కాస్త గొప్పగానే అన్నాడు.

షట్టరు మార్చడం అయింది. ఇక పరీక్ష. కొత్త షట్టరు బిగించాక బాబాయి దాన్ని అయిదువందలసార్లు నొక్కి చూస్తాడు, చెవి దగ్గర పెట్టుకుని, గుండె చప్పుడు వినే డాక్టరులా. అయితే లోపల కార్డు లేకపోతే కెమెరా షట్టరు పడదు. అది కెమెరాల్లో ఉండే కాపలా. ఫొటోలు తీసేవాళ్లు కార్డు పెట్టామా లేదా అని తలుపు తీసి చూసుకోరు. ఒక్కసారి నొక్కుతారు, పడిందంటే కార్డు ఉన్నట్టే. కానీ పరీక్ష కోసం ఆ కాపలాని పక్కకి తప్పించొచ్చు. మెనూలో లోపలికంటా వెళితే ఒక వరస ఉంటుంది: కార్డు లేకపోయినా పడనివ్వు. అలా పెడితే కెమెరా నొక్కినప్పుడల్లా పడుతుంది, తీసిన ఫొటో వెనక తెర మీద చూపిస్తుంది కూడా. దాచుకోవడం మాత్రం ఉండదు. చూపించి మింగేస్తుంది.

అందుకని బాబాయికి ఒక పద్ధతుంది. కాపలా తీసేసిన వెంటనే కార్డు తలుపు మీద తెల్ల టేపు ముక్క అతికించి, పెన్సిలుతో ఖాళీ అని రాస్తాడు. పని అయ్యాక ముందు మెనూ సరిచేస్తాడు, ఆ తర్వాతే టేపు పీకుతాడు. పదిహేనేళ్లుగా ఆ వరస తప్పలేదు.

ఆ రోజు నాలుగువందల ఎనభయ్యో నొక్కుడు దగ్గర బయట హారను మోగింది.

"బాబాయ్, పదండి! వాళ్లు కుర్చీలు వేసి కూర్చున్నారట!" అని అన్నకొడుకు కేక.

"వస్తున్నానురా, ఇంకో ఇరవయ్యే."

"బండి ఎక్కుతారా, మమ్మల్ని ముందు పొమ్మంటారా?" అని బ్రోచరు.

బాబాయి నవ్వుతూ లేచి, టేపు పీకి, కెమెరా స్టాండమ్మ చేతిలో పెట్టి, లైటు గొడుగు చంకన పెట్టుకుని పరుగులాంటి నడకతో బయటికి వచ్చాడు.

*

ఫొటో తీయించుకునేది తొంభై ఏళ్లావిడ. నలుగురు పిల్లలూ, వాళ్ల పిల్లలూ, ఒడిలో పాపాయిలతో సహా ఇరవై ముగ్గురు ఒకచోట చేరడం పన్నెండేళ్ల తర్వాత అదే మొదటిసారి. ఇంటి ముందు కాస్త ఖాళీ, ఒక గోడ, గోడ మీద పొద్దుటి నీడ. ఆవిడ పెద్దకొడుక్కి రంపపు మిల్లుంది. కనుబొమల మీద చెక్కపొట్టు ఎంత కడుక్కున్నా పోని మనిషి. ఆయనే తల్లిని రెండు చేతులతో ఎత్తినట్టుగా తెచ్చి మధ్య కుర్చీలో కూర్చోబెట్టాడు.

ఇంకా ఎవరూ వచ్చి నిలబడలేదు. పక్క కుర్చీలు ఖాళీ. బాబాయి గుమ్మం స్తంభానికి వీపు ఆనించి, మెడలోని రీలు కెమెరా ఎత్తి, ఊపిరి బిగబట్టి ఒక్కటి తీసుకున్నాడు. అది ఆయన అలవాటు. లైటు పట్టుకోడానికి వెళ్లిన ప్రతి పనిలోనూ ఒక్కటంటే ఒక్క ఫొటో, ఎవరికీ ఇవ్వడానికి కాదు, చేయి ఊరుకోక. ముప్ఫై ఆరు నిండాక తనే కడుక్కుంటాడు. అది ఇరవై తొమ్మిదోది.

తర్వాత స్టాండమ్మ పని మొదలైంది. పొడుగువాళ్లని వెనక్కి, చంటివాళ్లని ముందుకి. అందరూ కలిసి ఒకసారి, కూతుళ్లతో ఒకసారి, మనవలతో ఒకసారి. షట్టరు కొత్తది కదా, చప్పుడు ముచ్చటగా ఉంది. నాలుగైదింటికి ఒకసారి ఆవిడ వెనక తెర చూసుకునేది, బొమ్మ కనిపించేది, తల ఊపేది. తెర మూలన చీమ తలంత అక్షరాల్లో ఏదో మెరిసి ఆరిపోతూ ఉండే ఉంటుంది. పదిగంటల ఎండలో అది ఎవరి కంటికి ఆనుతుంది?

"అయిందా అమ్మాయ్?" అని అడిగింది ముసలావిడ. నడుం పట్టేసి, శాలువా కింద చేత్తో నొక్కుకుంటోంది.

"ఇంకొక్కటి అమ్మమ్మా."

"ఇందాకా ఒకటే అన్నావు. నీకు లెక్కలు చెప్పిన మేష్టరెవరే?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు కూడా తీసింది స్టాండమ్మ. మొత్తం ముప్పావుగంట. ఆవిడ లేవలేక లేస్తూ, "తొందరగా ఇవ్వండి, నేను చూసుకోవాలి," అంది. "నేను బావున్నానో లేదో వీళ్లు నిజం చెప్పరు."

మధ్యాహ్నం స్టూడియోలో బాబాయి లైట్లు మడిచిపెడుతుంటే, ముందు గదిలోంచి అన్నకొడుకు గొంతు వినిపించింది. ఆ గొంతు పెద్దది కాదు. అందుకే బాబాయి చేతిలో పని ఆగిపోయింది.

"ఒక్కటీ లేదా?"

"కార్డు పాడైపోయింది అన్నా," అంది స్టాండమ్మ.

"ఏదీ ఆ కార్డు, ఇటు తే. బాగుచేసేవాళ్లున్నారు, వెనక్కి తీయించొచ్చు."

"తీసేటప్పుడు విరిగింది. పారేశాను."

"పారేశావా?"

బ్రోచరు నాలుక చప్పరించి, "రెండు కార్డులున్న కెమెరా అయితే..." అని మొదలుపెట్టి, ఆవిడ ముఖం చూసి ఆపేశాడు.

బాబాయి చొక్కా మోచేతి దగ్గర ఏదో గీసుకుంటున్నట్టనిపించి చూసుకున్నాడు. తెల్ల టేపు ముక్క. ఖాళీ అన్న అక్షరాలు పైకే ఉన్నాయి.

టేపు పీకాడు, అవును. మెనూ? ఇంకో ఇరవయ్యే అన్నాడు, లేచాడు, పీకాడు. మెనూలోకి వెళ్లిన గుర్తు లేదు. ఎంత వెతికినా లేదు.

అప్పుడే ఇంకో మాట వచ్చి ఆయన్ని కూర్చోబెట్టింది. కార్డు పాడైందంటోందిగా అమ్మాయి. అంటే కార్డు లోపల ఉందన్నమాట. కార్డంటూ ఉంటే ఆ కాపలా ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అయితే తన తప్పేముంది? బాబాయి టేపు ముక్కని కళ్లజోడు పెట్టెలో పెట్టి మూత నొక్కాడు. మూత గట్టిగా పడింది.

*

శుక్రవారం అన్నకొడుకు మిల్లాయనకి ఫోను చేసి, తల వంచుకుని, చిన్న ఇబ్బంది జరిగింది, ఆదివారం వచ్చి మళ్లీ తీస్తాం, అందరూ ఊళ్లో ఉండగానే తీస్తాం అని ఒప్పించాడు. ఫోను పెట్టేసి స్టాండమ్మని బాగానే చీవాట్లు పెట్టాడు. ఆవిడ వింది. బాబాయి తన బల్ల దగ్గర ఒక లెన్సు తుడుస్తూ కూర్చున్నాడు. తుడిచిందే తుడిచాడు. ఆదివారం మళ్లీ తీస్తే అంతా సర్దుకుంటుంది, అప్పుడింక చెప్పడానికైనా ఏం ఉంటుంది అనుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్న ముసలావిడ మళ్లీ లేవలేదు.

సోమవారం పొద్దున్న మిల్లాయన వచ్చాడు. ఆయన కోప్పడతాడని అన్నకొడుకు కుర్చీ వేశాడు, నీళ్లు తెప్పించాడు. ఆయన కోప్పడలేదు. కూర్చోలేదు కూడా. కౌంటరు గాజు మీద రెండు అరచేతులూ ఆనించి నిలబడ్డాడు.

"గోడకి పెట్టుకోడానికి ఒకటి కావాలి. మీరు ఇచ్చే వరకూ నేనేం అననండి. కాస్త మసగ్గా ఉన్నా పరవాలేదు."

"లేదండి. ఒక్కటీ రాలేదు. నేను ఫోన్లో చెప్పానుగా..."

"చెప్పారు. ఏదో ఒకటి ఉండే ఉంటుందనుకున్నాను." ఆయన గాజు కిందున్న ఎవరివో పెళ్లి ఫొటోలకేసి చూశాడు. "ముప్పావుగంట కూర్చుందండి మా అమ్మ. నడుం నొప్పితో. ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటే కూర్చుంది."

అరచేతులు తీసి ఆయన వెళ్లిపోయాడు. గాజు మీద రెండు చేతుల ఆవిరి మరక మిగిలింది, అదీ కాసేపటికి పోయింది.

అన్నకొడుకు లేచి పనుల బోర్డు దగ్గరికి వెళ్లాడు. ఆ వారం ఎవరు ఎక్కడికి వెళ్లాలో సుద్దతో రాసుండే బోర్డది. స్టాండమ్మ పేరున్న మూడుచోట్లా గుడ్డతో తుడిచాడు.

"ఇకమీదట ఈ స్టూడియో పేరు మీద బయటికి వెళ్లే ప్రతి కెమెరాకీ రెండు కార్డులుండాలి, కొత్తదై ఉండాలి. ఆ ట్యూబు ముక్కల డబ్బాతో నేను ఎవరింటికీ పంపించలేను. కొత్తది కొనుక్కున్న రోజున రా. నా మీద కోపం పెట్టుకోకు."

కొత్తది కొనుక్కోవడమంటే ఆవిడకి ఇప్పట్లో అయ్యే పని కాదని ఆ గదిలో అందరికీ తెలుసు. చెప్పినవాడికీ తెలుసు.

"కెమెరాని ఏమీ అనకండన్నా," అంది స్టాండమ్మ. "అది మంచిదే." అంతే. సంచి భుజాన వేసుకుని, వెనక గది గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. "వస్తాను బాబాయ్."

"ఊఁ," అన్నాడు బాబాయి.

ఆవిడ వెళ్లాక ఆయన ఊరికే కూర్చోలేక దుమ్ము దులపడం మొదలుపెట్టాడు. మూలనున్న రెండో కంప్యూటరు స్టాండమ్మ వాడుకునేది. దానిమీది గుడ్డ తీసి దులిపితే పక్కనున్న కార్డు రీడరు కిందపడింది. తీసి చూశాడు. అందులో కార్డు ఉంది. నీలం కార్డు, మూలన ఎర్ర గోళ్లరంగు చుక్క. కార్డులు కలిసిపోకుండా ఆవిడ పెట్టుకున్న గుర్తు. ఆవిడకున్నది ఆ ఒక్కటే.

విరగలేదు. పారేయలేదు. బుధవారం పాత ఫొటోలు ఎక్కించుకోడానికి ఇక్కడ పెట్టి, గురువారం తీసుకోవడం మర్చిపోయింది. కెమెరా ఖాళీగా వెళ్లింది. ఖాళీగా వెళ్లిన కెమెరా గేటు దగ్గరే నేను పడను అని ఆగిపోవాల్సింది. ఆగిపోతే ఆవిడ అయ్యో అనుకుని బ్రోచరు దగ్గర కార్డు అడిగి తీసుకునేది, నవ్వుకుంటూ. ఆగనివ్వంది ఎవరు?

బాబాయి కళ్లజోడు పెట్టె తెరిచాడు. టేపు ముక్క అక్కడే ఉంది.

*

మంగళవారం పొద్దున్నే బాబాయి కబురు పెడితే స్టాండమ్మ వచ్చింది. అన్నకొడుకూ బ్రోచరూ ఒక కాలేజీ పనికి వెళ్లారు. ఒకప్పటి చీకటి గదిలో ఇప్పుడు ఆల్బం పెట్టెలు పేర్చుకుని ఉన్నాయి. వాటిని ఒక పక్కకి తోసి, ఇద్దరు మనుషులు నిలబడేంత చోటు చేశాడు బాబాయి.

"ఆవిడ ఫొటో ఒకటుందమ్మాయ్ నా దగ్గర. ఈ రీల్లో. కడగాలి."

స్టాండమ్మ ఆయన మెడలోని కెమెరాకేసి చూసింది. ముఖంలోకి ఒక్కసారి రంగు వచ్చింది. "మరి కడగండి!"

"కడిగే డబ్బాలో పెట్టే చక్రంలోకి రీలు చీకట్లో ఎక్కించాలి. దీనికి ఎర్ర లైటు కూడా పనికిరాదు. కిందటి రీలు ఎక్కిస్తుంటే చేయి వణికి చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి, సగం పోయింది. ఇది పోకూడదు. నువ్వెక్కించు, నేను చెప్తాను."

"నేనెప్పుడూ రీలు ముట్టుకోలేదు బాబాయ్."

"నేనూ అంతకుముందు ముట్టుకోని కొత్త కెమెరాలు బాగుచేశాను. కానియ్."

ఇక్కడో సంగతి ఒప్పుకోవాలి. ఆ రీలు కెమెరా ఎన్నడూ మొరాయించలేదని పైన గట్టిగా చెప్పుకున్నాం. మొరాయించింది. తెలిసినవే ఏడుసార్లు. ఒకసారి పెళ్లికూతురు పల్లకీ దిగుతున్నప్పుడు షట్టరు తెరుచుకుని మళ్లీ మూసుకోలేదు. ఇంకోసారి రీలు పళ్లచక్రం మీంచి జారి, మూడు గంటలసేపు బాబాయి ఒకే ఒక్క ఫొటో మీద ముప్ఫై ఫొటోలు తీశాడు. అందులో ఒక పెద్దమనిషికి పద్నాలుగు చేతులొచ్చాయి. ఏటి సంగతంటారా, ఏట్లో పడింది బాబాయి. కెమెరా ఒడ్డునే ఉంది. కాబట్టి ఆ రీల్లో ఇరవై తొమ్మిదో ఫొటో ఉందో లేదో ఆ క్షణాన దేవుడికి కూడా తెలియదు.

తలుపు వేశారు. కింది సందులో గుడ్డ కుక్కారు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే.

"కొస దొరికిందా?"

"దొరికింది."

"గోళ్లు తగలకూడదు. అంచులు పట్టుకో. కాస్త విల్లులా వంచు. ఊఁ. మధ్యలో కొక్కెం ఉంటుంది, దానికి తగిలించు. ఇప్పుడు చక్రం తిప్పు, రీలుని లాగకు, అదే వస్తుంది."

సన్నగా చప్పుడు, కాగితం మీద కాగితం జారినట్టు. ఒక్క చోటా ఆగలేదు. చీకట్లో బాబాయికి తన చేతులు వణుకుతున్నాయో లేదో తెలియలేదు. కనిపించకపోతే ఎంత హాయిగా ఉందో అనుకున్నాడు. అప్పుడే నోరు తెరుచుకుంది.

"అమ్మాయ్. గురువారం నీ కెమెరా మెనూ సరిచేయకుండా ఇచ్చాను. టేపు పీకాను గానీ మెనూ మార్చలేదు. నీ కార్డు కంప్యూటరు దగ్గరే ఉంది. నిన్న చూశాను."

చక్రం చప్పుడు ఆగలేదు.

"తెలుసు బాబాయ్."

"ఏం తెలుసు?"

"గురువారమే తెలుసు. కార్డు తలుపు తీసి లోపల ఖాళీగా ఉండడం చూడగానే. కార్డు లేకుండా నా కెమెరా చచ్చినా పడదు. పడిందంటే, పడమని దానికి చెప్పే చేయి ఈ స్టూడియోలో ఒక్కటే ఉంది." మళ్లీ చక్రం తిరిగిన చప్పుడు. "మెనూ నేనే సరిచేసుకున్నాను ఆ సాయంత్రం."

"మరి కార్డు విరిగిందని ఎందుకన్నావే?"

"ఏమననూ? కార్డు పెట్టుకోవడం మర్చిపోయాను అంటే నా పరువు పోతుంది. మర్చిపోయినా కెమెరా ఎలా పడిందని మీవాడు అడుగుతాడు. అడిగితే మీ బల్ల పోతుంది. ఇంకెక్కడ కూర్చుంటారు మీరు రోజంతా?" చక్రం ఇంకో చుట్టు తిరిగింది. "తప్పు కెమెరా మీదికి పోతే ఎవరికీ ఏం కాదనుకున్నాను. ఆదివారం మళ్లీ తీసేస్తాంలే అనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నాను," అన్నాడు బాబాయి.

ఆ చీకట్లో ఇద్దరూ ఒకే మనిషి గురించి ఆలోచించారు. లెక్కలు చెప్పిన మేష్టరెవరే అన్న గొంతు గురించి.

"అయిపోయింది బాబాయ్. కొస కూడా లోపలికెళ్లింది."

"డబ్బాలో పెట్టి మూత తిప్పు. తిప్పావా? తలుపు తియ్యి."

మందు పోసి, నిమిషానికోసారి డబ్బా వంచి, బొమ్మ చెరగకుండా హైపో పోసి, నీళ్లలో కడిగి, రీలుని కిటికీ ఊచకి బట్టల క్లిప్పుతో వేలాడదీశారు. తొమ్మిది గళ్లు నల్లగా మాడిపోయాయి, షట్టరు మూసుకోనివి. ఏడు ఒకదాని మీదొకటి ఎక్కాయి. చిట్టచివర ఇరవై తొమ్మిదోది మాత్రం ఒంటరిగా, శుభ్రంగా ఉంది. నెగటివు కదా, అందులో వెలుగంతా చీకటి, చీకటంతా వెలుగు. తొంభై ఏళ్లావిడ జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది.

స్టాండమ్మ సంచిలోంచి తన కెమెరా తీసింది. బాబాయి నీలం కార్డు అందించాడు. ఆవిడ కార్డు తలుపు తీసి, పెట్టి, మూసి, మళ్లీ తీసి చూసి, మళ్లీ మూసింది. నెగటివుని కిటికీ వెలుగుకి ఎదురుగా గాజు మీద అతికించి, చేయి కదలకుండా ఒక్కటి తీసింది. కంప్యూటర్లో నలుపుని తెలుపు, తెలుపుని నలుపు చేసింది.

ఖాళీ కుర్చీల మధ్య ముసలావిడ. శాలువా ఒక భుజం మీంచి జారింది. ఒక చేయి నడుం మీద, ఒక చేయి ఒడిలో. కళ్లు తెరుచుకుని నేరుగా చూస్తోంది, తను బావుందో లేదో మనల్నే అడుగుతున్నట్టు.

"మీవాడికి ఇది చూపించండి, చాలు. రెండో సంగతి ఎత్తకండి," అంది స్టాండమ్మ. "ఒట్టు."

"నువ్వు పెట్టిన ఒట్టు నాకెలా తగులుతుందే?" అన్నాడు బాబాయి.

*

అన్నకొడుకు కాలేజీ పని ముగించుకుని వచ్చేసరికి ఫొటో అచ్చయి కౌంటరు మీద ఉంది. దాని పక్కన టేపు ముక్క ఉంది. బాబాయి కౌంటరుకి మోచేతులు ఆనించి, ఒక్కో ఊపిరికి ఒక్కో మాట చొప్పున అంతా చెప్పాడు. హారను మోగడం, ఇరవై తక్కువవడం, టేపు చొక్కాకి అంటుకోవడం, శుక్రవారం ఊరుకోవడం, సోమవారం కూడా ఊరుకోవడం.

బ్రోచరు కార్డు కథ మొదట నమ్మలేదు. తన రెండు కార్డుల కెమెరా తీసి, రెండు కార్డులూ లాగేసి, మెనూలో వెతికి, ఆ వరస పట్టుకుని, నొక్కాడు. చప్పుడు లేకుండా పడింది. తెర మీద కౌంటరూ, బాబాయీ కనిపించారు. దాచుకున్నది ఏమీ లేదు.

"ఇదీ అంతేనా!" అన్నాడు చిన్నగా. ఆ కాగితంలో ఆ సంగతి రాయలేదు మరి.

అన్నకొడుకు టేపు ముక్క వేలికి అంటించుకుని, పీకి, మళ్లీ అంటించుకున్నాడు. హారను కొట్టింది తనే అన్న సంగతి అతనికీ గుర్తొచ్చే ఉంటుంది. లేచి బోర్డు దగ్గరికి వెళ్లి, సుద్ద తీసుకుని, తుడిచేసిన మూడు చోట్లా స్టాండమ్మ అని రాశాడు. ఆ తర్వాత కింద, బాబాయి, లైటు అని ఉన్నచోట గుడ్డ పెట్టి ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"తుడిచెయ్‌రా," అన్నాడు బాబాయి. "బల్ల కూడా. మరలు బిగించడం అమ్మాయికి నేర్పుతాను. దాని చెయ్యి కదలదు. నేను పక్కన కూర్చుని మాటలు చెప్తాను, అది నాకు ఎలాగూ వచ్చు."

గుడ్డ మెల్లగా కదిలింది.

బుధవారం మిల్లాయన వచ్చాడు. స్టాండమ్మే ఫొటో చేతికిచ్చి, తను కార్డు మర్చిపోయిన సంగతి చెప్పింది. బాబాయి తన సంగతి చెప్పాడు. ఆయన ఎవరికేసీ చూడలేదు. ఫొటోని వెలుగులోకి తిప్పి, మీద ఏ దుమ్మూ లేకపోయినా చొక్కా చేతితో తుడిచి, చూస్తూ నిలబడ్డాడు. కనుబొమల మీది చెక్కపొట్టు ఒకటి రెండు రవ్వలు ఫొటో మీద రాలితే ఊదాడు.

ఇందులో ఒక్క సంగతి మాత్రం చెప్పేవాడు కల్పించాడు. చేప కాదు, అది బాబాయి కల్పన. ఆవిడ కళ్లు. ఆ ఫొటోలో ఆవిడ కళ్లు తెరుచుకుని లేవు. అందరూ వచ్చేలోగా ఎండకి కునుకు పట్టింది, మూసుకునే ఉన్నాయి. అలా చెప్పడానికి మనసొప్పక నేనే తెరిపించాను.

మిల్లాయన అన్నది మాత్రం నిజంగా అన్నదే. "అవునండి," అన్నాడు, ఫొటో గుండెకి ఆనించుకుంటూ. "మా అమ్మ కూర్చునే నిద్రపోతుంది."